సగం వాడిన మెరైన్ సీలెంట్ రాయి కాకుండా దాచుకోవడం ఎలా?

అడిగిన సంగతి క్లుప్తంగా: 300 మి.లీ. పాలీయురేథేన్ సీలెంట్ (పడవ అతుకుల సందులు మూసే పేస్టు) కార్ట్రిడ్జ్‌లో, అంటే గన్‌లో పెట్టి పిండే గొట్టంలో, మూడో వంతు వాడారు. నాజిల్ కొసలోకి స్క్రూ బిగించి, మీద కరెంటు టేపు చుట్టి, పడవలోని లాకర్‌లో పెట్టారు. ఐదు వారాల తర్వాత గన్‌లో పెడితే ట్రిగ్గర్ కదల్లేదు. తెరిచిన ట్యూబును కొన్ని నెలలైనా నిలవ ఉంచే మార్గం ఏమైనా ఉందా?

ఉంది. మీరు ఒక్క దారి మూశారు, అదీ సగమే. తేమకు ఇంకా వేరే దారులు మిగిలాయి.

"ఎండిపోయింది" అని అందరం అంటాం కానీ ఈ సరుకు పెయింటులా ఎండేది కాదు. పెయింటులో ద్రావకం బయటికి పోతే గట్టిపడుతుంది. ఇక్కడ దానికి తలకిందులుగా, బయటి నుంచి నీరు లోపలికి వస్తే గట్టిపడుతుంది. సికాఫ్లెక్స్ 291, 3ఎం 5200 లాంటి ఒకే భాగపు పాలీయురేథేన్లలో ఐసోసైనేట్ గుంపులు (అణువుల చివర నీటితో చర్య జరిపే భాగాలు) గాలిలోని నీటి ఆవిరితో కలిసి, కార్బన్ డయాక్సైడ్ వదిలి, ఒకదానికొకటి ముడిపడతాయి. దీనికి కావలసిన నీరు చాలా తక్కువ. వంద గ్రాముల పేస్టు పూర్తిగా రబ్బరవడానికి అర గ్రాము నీరు కూడా అక్కర్లేదు. మూత కింద కనబడని సందు ఉంటే కొన్ని వారాల్లో ఆ కాస్త నీరు తాపీగా లోపలికి చేరిపోతుంది.

ఇందులో మనకు కలిసొచ్చే విషయం కూడా ఒకటుంది. గట్టిపడటం పైనుంచి లోపలికి జరుగుతుంది. గట్టిపడిన పొర దాటుకునే తేమ లోపలికి వెళ్లాలి కాబట్టి, పొర మందమయ్యే కొద్దీ వేగం పడిపోతుంది. మందం సుమారుగా కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మొదటి రోజు 3 మి.మీ. గట్టిపడే సరుకైతే 4 రోజులకు 6, 9 రోజులకు 9, 25 రోజులకు 15, 100 రోజులకు 30 మి.మీ. అంటే నాజిల్ నిండా సీలెంట్ ఉంటే, ఆ సీలెంటే మంచి బిరడా. కొస నుంచి మాత్రమే తేమ వస్తుంటే మూడు నెలలకు మీరు నష్టపోయేది నాజిల్‌లోని మూడు సెంటీమీటర్లు. ఐదు వారాల్లో కార్ట్రిడ్జ్ మొత్తం పోయిందంటే తేమ ఇంకెక్కడి నుంచో కూడా వచ్చింది.

ఎక్కడి నుంచో తెలియాలంటే పాడైన కార్ట్రిడ్జ్‌ని పారేసే ముందు రంపంతో నిలువుగా కోసి చూడండి. నాజిల్ దగ్గర్నుంచి మెడ దాకా గట్టిపడి, లోపల మెత్తగా ఉంటే తప్పు ముందువైపుది. వెనక పిస్టన్ (సీలెంట్‌ని ముందుకు నెట్టే బిళ్ల) అంచు చుట్టూ ఉంగరంలా గట్టి పట్టీ కనిపిస్తే తేమ పిస్టన్ పక్కనుంచి వచ్చింది. గోడ పొడవునా సమానంగా తొక్క కట్టి నడుమ మెత్తని గుజ్జు ఉంటే తేమ ప్లాస్టిక్ గోడలోంచే చొరబడింది, లేదా కొనేటప్పటికే సరుకు పాతది. లోపల గాలి బొడిపెలు కనిపించి, పిస్టన్ వెనక్కి జరిగి ఉంటే, అది గట్టిపడేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ పని. ఎక్కువగా చూసేది రెండోది, అంటే పిస్టన్ వైపు. నాజిల్‌కి నాలుగు చుట్లు టేపు వేసేవాళ్లు కూడా వెనకవైపు ఒక్కసారి చూడరు.

మీ స్క్రూ సంగతి. నాజిల్ కొస పూర్తిగా నిండి, స్క్రూ చుట్టూ సీలెంట్ ఒత్తుకుని బయటికి వచ్చేదాకా బిగిస్తే అది పనికొచ్చే చిట్కానే. గట్టిపడ్డాక స్క్రూ లాగితే బిరడా దాంతోపాటే ఊడి వస్తుంది. ఖాళీ నాజిల్‌లో బిగిస్తే మాత్రం స్క్రూ మర చుట్ల వెంట గాలికి సొరంగం తవ్వినట్టే. మామూలు ఇనుప స్క్రూ తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్‌ది వాడండి. ఇక కరెంటు టేపు సన్నని పీవీసీ. నీటి ఆవిరిని అది ఆపదు, కొంచెం నెమ్మది చేస్తుంది, అంతే. ఎండలో దాని జిగురు జారి అంచులు లేచిపోతాయి కూడా. ఆవిరిని నిజంగా ఆపేవి లోహం, గాజు. అందుకే కింద చెప్పే పద్ధతిలో అల్యూమినియం ఫాయిల్ అన్నిచోట్లా కనిపిస్తుంది.

పని అయిన వెంటనే, చేతులు కడుక్కోవడానికి కూడా ముందే, గన్ వెనక మీట నొక్కి ఒత్తిడి వదలండి. సీలెంట్ ఇంకో అరనిమిషం కారుతూనే ఉంటుంది, కారనివ్వండి. ప్లంజర్ కడ్డీని ఒక్కసారిగా వెనక్కి లాగొద్దు. కొన్ని గన్‌లలో కడ్డీ చివరి పళ్లెం పిస్టన్‌కి అంటుకుని దాన్ని కూడా వెనక్కి లాగేస్తుంది, నాజిల్ గాలి పీల్చుకుంటుంది. కడ్డీని కొంచెం తిప్పి పళ్లెం విడిపించాకే లాగాలి.

తర్వాత నాజిల్ విప్పేయండి. మెడ దగ్గర సీలెంట్ గుంటపడి ఉంటే వేలితో పిస్టన్‌ని నెట్టి, మెడ అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఉబ్బుగా వచ్చేలా చేయండి. ఈ ఉబ్బు ముఖ్యం. మందపాటి వంటింటి ఫాయిల్‌ని రెండు పొరలుగా మడిచి, సుమారు 5 సెం.మీ. చదరపు ముక్క కోసి, ఆ ఉబ్బు మీద నడిమి నుంచి అంచులకు బొటనవేలితో అదమండి. కింద గాలి బుడగ మిగలకూడదు. అంచుల్లోంచి కొంచెం సీలెంట్ పిండుకుని రావాలి. అదే రేపటికి గట్టిపడి ఫాయిల్‌ని చుట్టూ అతికిస్తుంది. ఫాయిల్‌ని మెడ చుట్టూ ఉన్న మర మీదికి మడిచి, దాని మీద కొస కోయని కొత్త నాజిల్ గానీ, కార్ట్రిడ్జ్‌తో వచ్చిన మూత గానీ బిగించండి. బిగించేటప్పుడు ఫాయిల్ మెలిపడి చిరిగితే తీసేసి ఇంకో ముక్క వేయండి. చిరిగిన ఫాయిల్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇప్పుడు వెనకవైపు. పిస్టన్ మీద ఉన్న ఖాళీని చుట్టిన ఫాయిల్ ఉండతో నింపినా తేమ ఆగదు. గొట్టం వెనక నోటిని రెండు పొరల ఫాయిల్‌తో కప్పి, అంచును గొట్టం మీదికి మూడు నాలుగు సెంటీమీటర్లు దించి, దాని చుట్టూ అల్యూమినియం టేపు వేయండి. ఏసీ గొట్టాల అతుకులకు వాడతారే, ఆ వెండిరంగు లోహపు టేపు. వెండిరంగు గుడ్డ టేపు కాదు. ఓపిక ఉంటే ప్లాస్టిక్ గొట్టం మొత్తానికీ ఒక చుట్టు ఫాయిల్ చుట్టొచ్చు. అల్యూమినియం గొట్టం కార్ట్రిడ్జ్ అయితే ఆ అవసరం లేదు.

తెరిచిన తేదీని చెరగని పెన్నుతో ఫాయిల్ మీద రాయండి. లోపల ఎంత మిగిలిందో కూడా గీత గీసి పెట్టండి. రెండు నెలల తర్వాత మీకు గుర్తుండదు.

విప్పిన పాత నాజిల్‌ని పారేయకండి, తుడవకండి కూడా. అలాగే వదిలేయండి. పాలీయురేథేన్‌కి పాలిథిన్ అంటే పడదు, అతుక్కోదు. లోపల పూర్తిగా రబ్బరయ్యాక వెడల్పు వైపు నుంచి ముక్కు ప్లయర్‌తో పట్టి నెమ్మదిగా లాగితే మొత్తం ఒకే కడ్డీలా జారి వస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు శుభ్రం చేయబోతే చేతులు, గుడ్డలు, బల్ల అన్నీ పాడవుతాయి, నాజిల్ మాత్రం శుభ్రం కాదు.

చిన్న పిండే ట్యూబుల విషయంలో లోహపు ట్యూబుకీ ప్లాస్టిక్ ట్యూబుకీ చాలా తేడా. అల్యూమినియం ట్యూబు నొక్కిన చోట నొక్కినట్టే ఉండిపోతుంది. అడుగు నుంచి చుట్టుకుంటూ వస్తే గాలి లోపలికి రాదు. ప్లాస్టిక్ ట్యూబు చెయ్యి వదలగానే మళ్లీ ఉబ్బుతుంది, ఉబ్బుతూ మూతిలోంచి తడి గాలిని గుటక వేస్తుంది. లోపల సగం దాకా తొర్రలా గట్టిపడిన ట్యూబులన్నీ ఈ రకమే. దీనికి మందు సులువు: నొక్కిన చెయ్యి వదలకుండా, మూతిలో సీలెంట్ పూసలా కనిపిస్తుండగానే ఫాయిల్ అద్ది మూత బిగించాలి, ఆ తర్వాతే చెయ్యి వదలాలి. మూత ముల్లుతో ట్యూబు పొరకు చిల్లు పెట్టేటప్పుడు కావలసినంతే పెట్టండి. కత్తితో మెడ మొత్తం కోసేస్తే తర్వాత మూయడం కష్టం.

600 మి.లీ. సాసేజ్ ప్యాకులది (గన్ గొట్టంలో పెట్టి పిండే మెత్తని ప్యాకులు) ఫాయిల్ పొర కాబట్టి తేమని బాగా ఆపుతుంది, కోసిన చివరే బలహీనం. గాలి పిండేసి, ఆ చివరను రెండు మూడు మడతలు బిగువుగా మడిచి క్లిప్పు పెట్టండి. మెలితిప్పి కేబుల్ టై వేయడం కన్నా మడత మేలు, మెలికల్లో సందులు మిగులుతాయి. గన్ గొట్టంలోనే వదిలేస్తే గన్ కూడా పోతుంది.

ఇంతవరకు చేసింది లోపలి కాపలా. బయట ఇంకో గది కావాలి. జిప్ ఉన్న పల్చటి పాలిథిన్ సంచి వారం పది రోజులకు సరే, నెలలకు చాలదు. వెడల్పు మూతి గాజు సీసా, రబ్బరు వలయం ఉన్న లోహపు డబ్బా, లేదా వేడితో అతికే ఫాయిల్ సంచి వాడండి. లోపల 50 గ్రాముల సిలికా జెల్ వేయండి. దాని పని ఏమిటో లెక్క చూద్దాం. 30 డిగ్రీల సెల్సియస్, 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనమీటరుకు సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. లీటరు సీసాలో బంధించిన గాలిలో ఉండేది 24 మిల్లీగ్రాములే. దాన్ని సిలికా జెల్ ఇట్టే పీల్చేస్తుంది. అసలు బెడద ఆ తర్వాత మూత సందులోంచి రోజూ కాస్త కాస్త వచ్చేది. సీసా సరిగ్గా మూతపడకపోతే సిలికా జెల్ గదిలో తేమనంతా ఆరబెట్టే పనిలో పడి, త్వరలోనే నిండిపోతుంది. నిండిన జెల్ మరీ ప్రమాదం, ఎండకి వేడెక్కితే పీల్చిన నీటినే తిరిగి వదులుతుంది. రంగు మారే పూసలు కొనండి. నారింజవి ఆకుపచ్చకు, నీలివి గులాబీకి మారితే తీసి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచి, మూసిన సీసాలోనే చల్లారనిచ్చి మళ్లీ వాడొచ్చు. పళ్లెంలో పెట్టి బయట చల్లార్చితే చల్లారేలోపే మళ్లీ తేమ పీల్చుకుంటుంది.

వైన్ సీసాల కోసం అమ్మే ఆర్గాన్ స్ప్రే గురించి కూడా అడుగుతుంటారు. పొడి వాయువు కాబట్టి సగం ఖాళీ డబ్బాలో ఉపయోగమే. పేస్టు మూతిదాకా నిండి ఉన్న ట్యూబులో దానికి చోటే లేదు, దండగ.

చల్లదనం రెండు విధాల మేలు చేస్తుంది. రసాయన చర్య ప్రతి 10 డిగ్రీలకు దాదాపు సగం చొప్పున మందగిస్తుంది. రెండోది, చల్లని గాలి నీటిని ఎక్కువ మోయలేదు: 5 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు ఎంత నిండినా 7 గ్రాములు మించదు, మైనస్ 18 దగ్గర ఒక గ్రాము చిల్లర. మూసిన సీసాను ఫ్రిజ్‌లో పెడితే ఎండలో కాగే లాకర్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు నిలుస్తుంది. ఫ్రీజర్ కూడా ఈ పేస్టుల్ని చెడగొట్టదు, వాటిలో గడ్డకట్టే నీరు లేదు. నీళ్లతో చేసిన యాక్రిలిక్ సీలెంట్లను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు. తిండి పెట్టే ఫ్రిజ్‌లో వద్దు. వేరే పాత ఫ్రిజ్ ఉంటే అందులో, పేరు రాసి పెట్టండి.

చల్లగా దాచినవాళ్లు చేసే తప్పు తీసేటప్పుడు ఉంటుంది. 5 డిగ్రీల ట్యూబుని తడి గాలిలోకి తెచ్చి మూత తీస్తే ఐస్‌నీళ్ల గ్లాసు మీద పట్టినట్టు దాని మీద నీటి బిందువులు పడతాయి, తెరిచిన మూతిమీద కూడా. ఇన్ని రోజులు ఆపిన నీటిని మనమే చేత్తో పోసినట్టు. సీసా మూత తీయకుండా గది వేడికి రానివ్వాలి: చిన్న ట్యూబుకి మూడు నాలుగు గంటలు, 300 మి.లీ. కార్ట్రిడ్జ్‌కి సగం రోజు, ఫ్రీజర్‌లోంచి తీస్తే ఒక రాత్రి.

కొన్ని చిట్కాలు మేలు కన్నా కీడు ఎక్కువ చేస్తాయి. మెడను స్పిరిట్‌తోనో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తుడవడం వాటిలో మొదటిది. ఆల్కహాల్ ఐసోసైనేట్‌తో తానే కలిసిపోతుంది. ఆ భాగం ఎన్నాళ్లు ఆగినా గట్టిపడక జిగురుగా మిగిలిపోతుంది. తుడవాలంటే మినరల్ టర్పెంటైన్, అదీ గుడ్డకి అద్దుకుని. మర మీద వ్యాజలైన్ పూయడం ఫర్వాలేదు, ఆవిరిని బాగానే ఆపుతుంది. కానీ అది సీలెంట్‌లో కలిస్తే అతుకు పోతుంది, కాబట్టి మూతి లోపలికి పోనివ్వద్దు. సిలికాన్ గ్రీజు అసలు వద్దు. ట్యూబుని నీళ్లలో ముంచి పెట్టమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే ఈ రకం సరుకుకి అది నేరుగా విషం.

ఇంకో జాగ్రత్త చాలామందికి తట్టదు. పాలీయురేథేన్‌ని, తెరిచిన ఎంఎస్ పాలిమర్ (తేమతో గట్టిపడే ఇంకో రకం సీలెంట్) ట్యూబుని ఒకే సీసాలో పెట్టకండి. ఎంఎస్ పాలిమర్ గట్టిపడుతూ కొద్దిగా మిథనాల్ వదులుతుంది, అదీ ఆల్కహాలే. పక్కనున్న పాలీయురేథేన్ మూతి దగ్గర గట్టిపడకుండా పోవడానికి అది చాలు. ఒక్కో రకానికి ఒక్కో సీసా.

మళ్లీ వాడే రోజు ఫాయిల్ తీయగానే కింద ఒక బిళ్లలా గట్టిపడిన పొర ఉంటుంది. సన్నని స్క్రూ దింపి మొత్తంగా లాగేయండి. పొడిచి ముక్కలు చేస్తే ఆ ముక్కలు నాజిల్‌లో అడ్డం పడతాయి, లేదా అతుకులో పలుకుల్లా ఉండి రెండు తలాలను దగ్గరకు రానివ్వవు. కొత్త నాజిల్ పెట్టి మొదటి మూడు సెంటీమీటర్లు పారేసి, ఆ తర్వాత పది సెంటీమీటర్ల వరుస ఒకటి శుభ్రమైన గాజు మీద వేసి చూడండి. తీగలా సాగుతుందా, తెగి పలుకులుగా వస్తుందా? గన్‌కి మామూలు కన్నా బలం ఎక్కువ పడుతోందా? పొర కట్టడానికి డబ్బా మీద రాసిన సమయమే పడుతోందా? 3ఎం 5200కి అంటుకోని స్థితికి రావడానికే 48 గంటలు, పూర్తిగా గట్టిపడటానికి ఐదు నుంచి ఏడు రోజులు. అలాంటిది గంటలో మీగడ కట్టిందంటే లోపల ఇప్పటికే సగం పని అయిపోయినట్టు.

సగం చిక్కబడ్డ సీలెంటే అన్నిటికన్నా మోసకారి. వేసిన తర్వాత చక్కగా రబ్బరవుతుంది, వేలితో నొక్కితే గట్టిగా ఉంటుంది, చూడటానికి ఏ లోపమూ లేదు. కానీ వేసేటప్పుడే అది చిక్కగా ఉండటంతో ఫైబర్‌గ్లాస్ గరుకుల్లోకి, లోహం గీతల్లోకి పారి తడపలేదు. అతుకు పైపైన నిలబడి ఉంటుంది. కొన్ని నెలల ఊపులకి ఒక అంచు లేస్తుంది, నీరు దూరుతుంది. గాజు మీద వేసిన వరుసని ఏడు రోజుల తర్వాత ఒక చివర కత్తితో లేపి, వెనక్కి వంచి లాగండి. రబ్బరు చిరిగి, గాజు మీద పొర మిగిలితే సరుకు బాగుంది. మొత్తం శుభ్రంగా స్టిక్కర్‌లా ఊడి వస్తే ట్యూబు పారేయండి. చిక్కబడ్డదాన్ని వేడినీళ్లలో పెట్టి పల్చబరచడం చలికాలంలో తాజా సరుకుకి పనికొస్తుంది. ముడిపడిన అణువుల్ని వేడి విడదీయదు.

ఈ కారణంగానే నీటి మట్టం కింద ఉండే త్రూ-హల్ ఫిట్టింగులకు (పడవ ఒంటికి చిల్లు పెట్టి బిగించే అమరికలు), డెక్-హల్ అతుకుకి (పైతట్టు, పడవ ఒళ్లు కలిసే చోటు), చెయిన్‌ప్లేట్లకు (తెరచాప స్తంభాన్ని పట్టే తీగలు కట్టే లోహపు పట్టీలు) ఎంత బాగా దాచినా పాత ట్యూబు వాడకండి. క్లీట్ (తాడు కట్టే కొమ్ము) కింద, డెక్ మీద స్క్రూ రంధ్రాలకు, కిటికీ అంచు మరమ్మతుకి పాతది వాడుకోవచ్చు.

మిగతా రకాలు త్వరగా: ఒకే భాగపు పాలీసల్ఫైడ్, ఎంఎస్ పాలిమర్, సిలికాన్ అన్నీ తేమతోనే గట్టిపడతాయి కాబట్టి పద్ధతి ఇదే. రెండు భాగాల పాలీసల్ఫైడ్ కలిపేదాకా గట్టిపడదు, అక్కడ జాగ్రత్తంతా ఒక డబ్బా గరిట ఇంకో డబ్బాలో పెట్టకపోవడం, మూతలు తారుమారు చేయకపోవడం. బ్యుటైల్ టేపు అసలు గట్టిపడదు, దుమ్ము పట్టకుండా కాగితంతో సహా సంచిలో చుట్టి పెడితే చాలు.

ఎన్నాళ్లు ఉంటుందని ఆశించొచ్చంటే, తడి వేడి వాతావరణంలో ఉత్త మూతతో రెండు మూడు వారాలు, పైన చెప్పిన ఫాయిల్‌తో, సీసాతో రెండు మూడు నెలలు, దాన్నే చల్లగా ఉంచితే ఆరు నెలల దాకా. కొన్ననాటికే గడువు దగ్గరపడిన సరుకైతే ఇందులో సగం కూడా రాదు. తెరవని కార్ట్రిడ్జ్‌ల గడువే చాలావరకు తయారైన తేదీ నుంచి ఏడాది అటూ ఇటూ. ఏడాదికి నాలుగు చిన్న పనులే ఉంటే 300 మి.లీ. కొనడం అనవసరం, 90 మి.లీ. లోపు లోహపు ట్యూబులు రెండు తెచ్చుకోండి. పెద్దది తప్పదనుకుంటే పనులన్నీ రాసుకుని, తలాలన్నీ ముందే శుభ్రం చేసి, మాస్కింగ్ టేపు వేసి ఉంచుకుని ఒకే పూటలో కానివ్వండి. అప్పటికీ మిగిలింది పారేయాలంటే పచ్చిగా చెత్తలో వేయకండి, చేతికి తొడుగు వేసుకుని అట్టముక్క మీద పల్చగా పరిచి, గట్టిపడ్డాక వేయండి.